తాతయ్య గ్రీజు డబ్బా

ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక ఇల్లంతా ఓ కునుకు తీసే వేళ. వసారాలో పాత వార్తాపత్రికలు పరిచి, తాతయ్య సామాన్లు వాటి మీద ఒక్కొక్కటే పేర్చుకుంటూ కూర్చుంది చిన్నతల్లి.

పేరుకి చిన్నతల్లి గానీ యాభై ఎనిమిది నిండాయి ఆమెకి. మోకాళ్ళ నొప్పులు, చత్వారం, అన్నీ వేళ తప్పకుండా వచ్చి చేరాయి. ఆరేళ్ళ మనవరాలు కూడా ఉంది. అయినా ఆ ఇంట్లో ఆమెకి అదే పేరు. తాతయ్య పెట్టిన పేరు మరి. ఆయన పోయి నలభై ఏళ్ళవుతున్నా, ఎవరైనా అలా పిలిస్తే చెవి పక్కన ఆయన మీసం గుచ్చుకున్నట్టే ఉంటుంది.

కూతురూ అల్లుడూ ఊరెళుతూ మనవరాలిని దింపి వెళ్ళారు. పొద్దున్నే పిల్లకి స్నానం చేయించి, ఇవే పత్రికల మీద కూర్చోబెట్టి, పది వేళ్ళకీ గోళ్ళు తీసింది. "కదలకే బంగారం, చర్మం తెగుతుంది" అంటే, ఆ పిల్ల గిలిగింతలు తట్టుకోలేక వానపాములా మెలికలు తిరిగింది. గోళ్ళ ముక్కలు పొట్లం కట్టి బయట పారేసి, చేతులు కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాకే చిన్నతల్లి సామాన్ల పెట్టె దింపింది. శుభ్రం విషయంలో ఆమెది తాతయ్య పోలికే అంటారు అందరూ.

సాయంత్రం ఆరింటికి రైల్వే పాత ఉద్యోగుల సంఘం కార్యదర్శి వస్తానన్నాడు. స్టేషన్లో ఓ గది ఖాళీ చేసి, పాతకాలం పనిముట్లు అద్దాల బీరువాల్లో పెడుతున్నారట. ఒక్కొక్కరి సామాను కింద, ఆ మనిషి గురించి నాలుగు ముక్కలు రాసిన అట్ట.

"మీ తాతగారి గురించి మీరే రాసివ్వండమ్మా. మీకంటే బాగా ఎవరికి తెలుసు?" అన్నాడు.

నిజమే. ఆ కుటుంబంలో ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరికి ఏ జబ్బు చేసింది, ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారు, మళ్ళీ ఎప్పుడు మాట్లాడారు, అన్నీ ఆమె నోటుపుస్తకాల్లో ఉంటాయి. "నువ్వు రాసుకోకపోతే మేం పుట్టనట్టేనా ఏమిటే?" అని అత్తయ్య దెప్పుతూ ఉంటుంది. అత్తయ్య అంటే తాతయ్య కూతురే. డెబ్బై రెండేళ్ళు. చూపు పూర్తిగా పోయింది. చెవులూ ముక్కూ నాలుకా మాత్రం చెక్కు చెదరలేదు. వసారా పక్క గదిలో మంచమే ఆవిడ లోకం.

పొడుగు కర్ర సుత్తి. పాన. ఎర్రజెండా, పచ్చజెండా. ఈల. చేతి లాంతరు. చివర్న, అరచెయ్యంత వెడల్పు, జానెడు ఎత్తు ఉన్న గుండ్రటి గ్రీజు డబ్బా.

తాతయ్యది లైను నడిచే పని. కీమ్యాన్ అనేవారు. పొద్దున నాలుగు మైళ్ళు అటు, సాయంత్రం నాలుగు మైళ్ళు ఇటు. పట్టాల్ని పట్టి ఉంచే ఇనప చీలల్ని సుత్తితో తట్టుకుంటూ పోవాలి. గట్టి చీల ఒకలా మోగుతుంది, వదులైంది ఒకలా. పట్టా, పట్టా కలిసే అతుకుల దగ్గర ఏడాదికోసారి నల్ల గ్రీజు రాయాలి. ముప్ఫై ఏళ్ళు పట్టాల కింది స్లీపరు చెక్కల మీద నడిచి నడిచి, ఆయన అడుగు వాటి కొలతకే అచ్చు పడిపోయింది. ఇంట్లో కూడా కొలిచినట్టు పొట్టి పొట్టి అడుగులే.

"ఇక్కడ పట్టాల్లేవు మహానుభావా, మనుషుల్లా నడవండి" అనేది నాయనమ్మ.

"అలవాటు తప్పితే రేపు పట్టాల మీద పడిపోతాను. అప్పుడు ఏడ్చేది నువ్వేగా!" అనేవాడు ఆయన.

ఆయనకి ఇంకో అలవాటుంది. డ్యూటీ నుంచి రాగానే చేతులు కడుక్కునేవాడు. ముందు కిరసనాయిలు, తర్వాత బూడిద, తర్వాత సబ్బు. కడుక్కుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుని, మళ్ళీ మొదట్నుంచీ. అంత కడిగినా పిల్లలకి చేత్తో ముద్ద పెట్టేవాడు కాదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చెంచాతోనే తినిపించేవాడు. "దొరగారి ఒళ్ళో దొరసాని" అని ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు. 'తాతయ్యకి శుభ్రం ప్రాణం' అని నోటుపుస్తకంలో రాసుకుంది చిన్నతల్లి. ఆ చెంచా కూడా పెట్టెలోనే ఉంది. దాన్ని మాత్రం సంఘానికి ఇవ్వదల్చుకోలేదు. తీసి వంటింట్లో పెట్టుకుంది.

గ్రీజు డబ్బాతో ఆమెకో ముచ్చట ఉంది. తనకి ఏడేళ్ళప్పుడు వెండి ఉంగరం వేలికి ఇరుక్కుపోయింది. ఉంగరం మీద ఐదు రేకుల చిన్న పువ్వు. అందులో ఒక రేకు విరిగింది. వేలు వంకాయలా వాచింది. సబ్బు రాశారు, నూనె రాశారు, దారం చుట్టి లాగారు. ఇక కోయించాలి అంటుంటే తాతయ్య వచ్చాడు. డబ్బా మూత తీసి, చెక్కపుల్లతో ఇంత గ్రీజు తీసి, వేలి చుట్టూ రాశాడు. ఒక్క క్షణం చల్లగా అనిపించింది. తర్వాత వెచ్చగా. ఎవరో లోపల్నుంచి నెట్టినట్టు ఉంగరం జారి ఆయన అరచేతిలో పడింది.

"ఇది నేను దాస్తాలే చిన్నతల్లీ" అన్నాడు.

ఆ వేలిని ఆవేళ రాత్రంతా ముక్కు దగ్గర పెట్టుకుని పడుకుంది ఆమె. ఆ గ్రీజు వాసనంటే తాతయ్యే.

ఇక అట్ట మీద రాసింది వేరే కథ. వాళ్ళింట్లో అందరూ గొప్పగా చెప్పుకునే కథ. ఆ ఉంగరం సంగతికి కొన్నాళ్ళ ముందు, ఓ మంచు పొద్దున, వంతెన దాటాక వచ్చే మలుపులో ఎవరో ఆడమనిషి రైలు కింద పడి చనిపోయింది. మొదట చూసింది తాతయ్య. కబురంపి, తన తుండుగుడ్డలో, జెండాగుడ్డలో ఆమెని ఏరి కూర్చి, పోలీసులు వచ్చేదాకా పగలంతా కదలకుండా కూర్చున్నాడు. కుక్కల్ని, కాకుల్ని దగ్గరికి రానివ్వలేదు. ఆమె కోసం ఎవరూ రాలేదు. పేరు కూడా తెలియలేదు.

చిన్నతల్లి తన గుండ్రటి చేతిరాతతో ఇలా రాసింది: 'ఊరూ పేరూ తెలియని మనిషికి అయినవాడిలా కావలి కాసి, ఒక్క ముక్క కూడా పోనివ్వకుండా అప్పగించిన పుణ్యాత్ముడు.' రాస్తున్నప్పుడు కళ్ళు చెమర్చాయి.

అన్నీ తుడిచింది. డబ్బా ఒక్కటే మిగిలింది.

మూత ఇనప తీగతో బిగించి ఉంది. ఒకటి కాదు, మూడు చుట్లు. తుప్పు పట్టి మూతా డబ్బా ఒకటైపోయాయి. పానతో తీగ తెంపి, సుత్తి పిడితో అంచు చుట్టూ మెల్లగా తట్టింది. టక్కున వదిలింది మూత.

ముందు గ్రీజు వాసన వచ్చింది. తాతయ్య వాసన. కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చుకుంది.

పీల్చాక తెలిసింది, ఆ వాసన వెనకాల ఇంకోటి ఉందని.

తియ్యటి వాసన. బీరువా వెనక చచ్చిన ఎలుకది, మూడో రోజు వచ్చే వాసన. అది ముక్కులో ఆగలేదు. గొంతులోకి దిగి, నాలుక వెనకభాగాన పూతలా అంటుకుంది. ఉమ్మేసినా పోలేదు. మింగితే ఇంకా లోపలికి పోయింది.

నలభై ఏళ్ళ గ్రీజు ఎండి పెచ్చు కట్టాలి కదా. ఇది నిన్న పోసినట్టు మెత్తగా, నిగనిగలాడుతూ, అంచుదాకా ఉంది. మధ్యలో కొంచెం ఉబ్బి ఉంది. డబ్బాని పట్టుకున్న అరచేతికి వేడి తగిలింది. జ్వరమొచ్చిన ఒంటిని ముట్టుకున్నంత వేడి.

'ఎండలో పెట్టానేమో' అనుకుంది. ఎండ వసారాలోకి రానేలేదు.

అంత కంపు కొట్టేదాన్ని అద్దాల బీరువాలో ఎలా పెడతారు? గ్రీజు తీసేసి ఉత్త డబ్బా ఇద్దామనుకుంది. తాతయ్య వాడిన చెక్కపుల్ల ముంచింది. గ్రీజు పెదాలు చప్పరించినట్టు చప్పుడు చేస్తూ పుల్లని మింగింది. ఒక ముద్ద తీసి పత్రిక మీద వేసింది. రెండో ముద్ద. మూడోది. నాలుగోసారి, పుల్లకి ఏదో తగిలింది.

మెత్తగా తగిలి... మళ్ళీ వెనక్కి తోసింది.

పుల్లతో కెలికి, అంచుకి చేర్చి, పైకి లాగింది. ముందు ఒక చుట్ట వచ్చింది. తీగచుట్టేమో అనుకుంది. తీగకి ఆ పసుపు రంగేమిటి? నిలువునా గీతలేమిటి? కొమ్ములా గట్టిగా, వెడల్పుగా, ఒకదానిలో ఒకటి ఇమిడి తొమ్మిది చుట్లు. లాగే కొద్దీ జిడ్డు తీగలు సాగుతున్నాయి. పొద్దున ఇదే పత్రిక మీద మనవరాలి వేళ్ళ నుంచి రాలినవి గుర్తొచ్చాయి.

గోరు.

ఒకే గోరు.

చుట్ట చివర వేలు ఉంది. ఎండిపోలేదు, కుళ్ళిపోలేదు. నీళ్ళల్లో నానినట్టు తెల్లగా, బొద్దుగా ఉంది. మొదటి కణుపు దగ్గర చర్మంలోకి దిగబడి ఒక ఉంగరం. చిన్నపిల్లల ఉంగరం. వెండిది. పైన పువ్వు.

రేకులు నాలుగే ఉన్నాయి.

చిన్నతల్లి అరవలేదు. ఆమెకి అరవడం రాదు. పక్కకి ఒరిగి, మధ్యాహ్నం తిన్నదంతా పత్రిక మీద కక్కేసింది. మూతి తుడుచుకుందామని చెయ్యెత్తి, చేతిని చూసి ఆగిపోయింది. మణికట్టు దాకా నలుపు. అంత లోపలికి తను చెయ్యి పెట్టనేలేదు.

"మూత తీశావా?" గదిలోంచి అత్తయ్య గొంతు, చాలా నెమ్మదిగా.

"అత్తయ్యా..."

"తీసే ఉంటావు. వాసనొచ్చింది. పిల్ల నిద్రపోతోందా?"

"ఆ."

"అయితే లోపలికి రా. తలుపు వేసి రా. ఎలాగూ చప్పుడు చెయ్యదులే ఆ తలుపు. ఈ ఇంట్లో ఏ తలుపూ చప్పుడు చెయ్యదు. ఎందుకో ఎప్పుడైనా అనుకున్నావా?"

చిన్నతల్లి మంచం పక్కన నేల మీద కూలబడింది. చేతులు ఒంటికి తగలకుండా గాల్లో పట్టుకుంది.

"ఆ రోజు నాన్నకి అన్నం తీసుకెళ్ళింది నేనే" అంది అత్తయ్య. "ముట్టుకోలేదు. ఆవిణ్ణి మూటకట్టి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఇంతలో దూరంగా కంకరరాళ్ళ మధ్య కాకి ఏదో ముక్కున కరుచుకుంది. సుత్తి విసిరాడు. అది వదిలేసి ఎగిరిపోయింది. చూస్తే వేలు. మూట మళ్ళీ విప్పలేక, మూతున్నది అదొక్కటేనని... డబ్బాలో వేశాడు. పోలీసులు వచ్చాక ఇచ్చేద్దామని."

"మరి ఇవ్వలేదా?"

"మర్చిపోయాడే! పొద్దున్నించీ అన్నం లేదు, నీళ్ళు లేవు. వాళ్ళేమో చీకటి పడుతోందని ఒకటే తొందర. 'అన్ని భాగాలూ అప్పగించాను' అని రాసున్న కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయారు. వారం తర్వాత అతుక్కి గ్రీజు రాద్దామని పుల్ల పెడితే, అప్పుడు తెలిసింది."

"అప్పుడైనా వెళ్ళి చెప్పాల్సింది కదా అత్తయ్యా?"

"అప్పటికి ఆవిణ్ణి దిక్కులేని వాళ్ళందరితో కలిపి పూడ్చేశారు. ఎక్కడో చూపించే నాథుడు లేడు. వెళ్ళి చెప్తే తప్పుడు సంతకం కింద ఉద్యోగం పోతుంది. మేం నలుగురు పిల్లలం. 'రేపు చెప్తాను' అన్నాడు. మర్నాడు మళ్ళీ 'రేపు' అన్నాడు. చివరికి ఆ మలుపులోనే గొయ్యి తీసి పాతిపెట్టాడు. ఇంటికొచ్చి మూత తీస్తే, అందులోనే ఉంది. వంతెన మీంచి ఏట్లో పడేశాడు. మళ్ళీ అందులోనే."

గోడ మీద బల్లి కదిలితే చిన్నతల్లి ఉలిక్కిపడింది.

"గ్రీజంతా ఖర్చు చేసేస్తే డబ్బా పారెయ్యొచ్చు అనుకున్నాడు పిచ్చి నాన్న. తలుపు బందులకి రాశాడు. కుట్టు మిషనుకి రాశాడు. ఉయ్యాల కొక్కేలకి రాశాడు. ఎంత తీసినా అడుగు కనిపించలేదు."

"నా వేలికి రాశాడు" అంది చిన్నతల్లి. రాత్రంతా ముక్కు దగ్గర పెట్టుకుని పడుకున్న వేలు అది. నిద్రలో నోట్లో కూడా పెట్టుకునే ఉంటుంది. "ఆ ఉంగరం దానికెలా వచ్చింది అత్తయ్యా?"

అత్తయ్య మొహం వసారా వైపు తిప్పింది.

"ఆవిడ అడగడం మొదలెట్టింది. లైను మీద నాన్న చీల తడితే, భుజాన ఉన్న డబ్బా లోపల్నించి తిరిగి తట్టేది. ఎన్నిసార్లు తడితే అన్నిసార్లు. మనిషి సగమైపోయాడు. అందుకని ఓ రోజు నీ ఉంగరం దానికి తొడిగి, 'నీది నీకు అప్పగించేదాకా మా చిన్నతల్లిది నీ దగ్గర ఉంచుకో' అన్నాడు. నేను విన్నాను. అప్పట్నించీ డబ్బా గమ్మున ఉంది."

"ఇంతకాలం నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వేమో ఆయన్ని దేవుడి పక్కనే కూర్చోబెట్టుకున్నావు. ఏ నోటితో చెప్పమంటావే?" అత్తయ్య చూపులేని కళ్ళు తడిశాయి. "చెడ్డవాడు కాదే నాన్న. భయస్తుడు, అంతే. ఇప్పుడైనా కార్యదర్శికి చూపించు. పోలీసులకి అప్పగిస్తాడు. అట్ట మీద ఉన్నదున్నట్టు రాయి. ఆవిడ కాగితం ఇంకా పూర్తవ్వలేదు చిన్నతల్లీ. ఆవిడ అడిగేది అంతకంటే ఏం లేదు."

చిన్నతల్లి వసారాలోకి వచ్చింది. అట్ట తెల్లగా, శుభ్రంగా ఉంది. 'ఒక్క ముక్క కూడా పోనివ్వకుండా.' చింపుదామని చెయ్యి చాచింది. రేపు స్టేషన్లో జనం మూగుతారు. తాతయ్య సుత్తి కింద, తాతయ్య జెండాల కింద, వేలు దాచుకున్నవాడని రాసి ఉంటుంది. ఆయన ఒడి, ఆయన మీసం, ఆయన చెంచా... చేతులు రాలేదు ఆమెకి. అట్టని అక్కడే వదిలేసి, దాని మీద మరక పడకుండా పక్కకి జరిపింది.

'భగవంతుడా, నేను భక్తిగా పూడుస్తాను. ప్రార్థన చేసి పూడుస్తాను. తాతయ్య పేరు నిలబెట్టు' అనుకుంది.

పెరటి గోడవతలే రైలు లైను. గోడ వారగా మోచేతి లోతు తవ్వింది. పుల్లతో ఎత్తి, తెల్లటి గుడ్డలో చుట్టింది. ఉంగరం తియ్యడానికి చెయ్యి రాలేదు. గుడ్డ మడతల్లోంచి ఆ గోరు చుట్ట మెల్లగా విచ్చుకుని, ఆమె చూపుడువేలికి ఒకసారి తాకింది. నత్త ఒంటి మీద పాకినట్టనిపించి విదిలించుకుంది. గొయ్యిలో పెట్టింది. గ్రీజంతా దాని మీదే బోర్లించింది. అది ధారగా పడలేదు. పేగుల్లా చుట్టలు చుట్టలుగా జారింది. మట్టి కప్పి, పైన రాయి పెట్టి, నోటికొచ్చిన ప్రార్థనలన్నీ చదివింది. డబ్బాని కిరసనాయిలుతో కడిగింది. అడుగు తళతళా మెరిసింది. తన కళ్ళతో చూసింది. అడుగు కనిపించింది.

ఆరింటికి కార్యదర్శి వచ్చాడు. నవ్వుమొహం మనిషి. అట్ట పైకే చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఒక్క ముక్క కూడా పోనివ్వకుండా! ఎంత గొప్ప మాట రాశారమ్మా. ఇలాంటి వాళ్ళు ఇక పుడతారా?"

చిన్నతల్లి తలొంచుకుంది.

ఆయన సామాన్లు సంచిలో సర్దుతూ డబ్బా ఎత్తి, "అబ్బో, బరువే! నిండుగా ఉన్నట్టుందే?" అన్నాడు.

"ఖాళీదేనండి" అంది.

"మీరు సరదాకి అంటున్నారు" అని నవ్వి, సంచి భుజాన వేసుకున్నాడు. గేటు దాటుతుంటే సంచిలోంచి చప్పుడు వినబడింది. టక్... టక్. ఆయన అడుగు పడ్డప్పుడల్లా ఒకటి. సుత్తి డబ్బాకి తగులుతోందేమో. సుత్తి ఆయన చేతిలో ఉంది.

"అట్ట మార్చావా?" గదిలోంచి అత్తయ్య అడిగింది.

"రేపు చెప్తాలే అత్తయ్యా."

మంచం కిర్రుమంది. గోడ వైపు తిరిగి పడుకున్నట్టుంది.

ఏడింటికి మనవరాలికి అన్నం కలిపింది. పిల్ల నిద్ర లేచి చాలాసేపైంది. ఇంతసేపూ పెరట్లో ఆడుకుందో ఏమో, పాదాలకి మట్టి. ముద్ద నోటి దగ్గరికి తీసుకెళితే మొహం తిప్పేసుకుంది.

"ఛీ! కంపు అమ్మమ్మా."

"ఏమిటే కంపు? వేడి వేడి అన్నం."

"అన్నం కాదు. నీ చెయ్యి."

చిన్నతల్లి లేచి కిరసనాయిలుతో చేతులు తోముకుంది. తర్వాత బూడిద. తర్వాత సబ్బు. ముక్కు దగ్గర పెట్టుకుంది. తియ్యగా ఉంది. మళ్ళీ కిరసనాయిలు. మళ్ళీ బూడిద. వేళ్ళ చివర్లు ఎర్రగా ఒరుసుకుపోయి మంట పుట్టేదాకా తోమింది. గోళ్ళ సందుల్లో నల్లటి గీత అలాగే ఉంది. చివరికి తాతయ్య చెంచా అందుకుంది.

చెంచా కంచానికి తగిలిన చప్పుడు గదిలోకి వినబడింది కాబోలు.

"నాన్నా..." అంది అత్తయ్య నిద్రలోంచి. "వచ్చావా?"

చిన్నతల్లి వినిపించుకోనట్టే పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. రెండు చెంచాలు తింది పిల్ల. మూడోసారి చెంచాని ఎడమచేత్తో ఆపి, ఇంతసేపూ గౌను కింద దాచుకున్న కుడిచెయ్యి బయటికి తీసింది.

"ఇది రావట్లేదు అమ్మమ్మా."

వెండి ఉంగరం. పైన చిన్న పువ్వు. నాలుగు రేకులు.

కణుపు కింద చర్మంలోకి దిగిపోయింది. ఆపైన వేలు నీళ్ళల్లో నానినట్టు తెల్లగా, బొద్దుగా ఉంది.

"ఎక్కడిదే? ఎవరిచ్చారు? చెప్పు బంగారం..."

పిల్ల పెరటి తలుపు వైపు చూసింది. తలుపు బార్లా తీసి ఉంది. చిన్నతల్లి దానికి గడియ పెట్టింది. పెట్టినట్టు బాగా గుర్తు. తీసిన చప్పుడు మాత్రం వినబడలేదు. ఆ ఇంట్లో ఏ తలుపూ చప్పుడు చెయ్యదు.

"మీ అమ్మమ్మది, ఇచ్చెయ్ అంది పెరట్లో ఆవిడ" అని గుసగుసగా చెప్పింది పిల్ల. "ఇంక తనకి అక్కర్లేదట."

చిన్నతల్లి ఉంగరాన్ని పట్టుకుని లాగింది. కదల్లేదు. గట్టిగా లాగింది. ఎక్కడ ఏడుస్తుందోనని పిల్ల మొహంలోకి చూసింది.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"లేదు అమ్మమ్మా. ఆ వేలు అసలేం తెలియట్లేదు."

పిల్ల చెయ్యి దీపం దగ్గరికి లాగి చూసింది. పొద్దున తన చేత్తో తీసిన గోళ్ళు. తొమ్మిది వేళ్ళకీ చివరికంటా కురచగా, గుండ్రంగా ఉన్నాయి.

పదోది పెరిగి ఉంది. పసుపు పచ్చగా, నిలువు గీతలతో... కొస దగ్గర అప్పుడే చుట్ట తిరుగుతోంది.